రిపోర్టులోని అంకె, ఒంట్లోని రక్షణ



2021లో పూణెలో మా బస్తీలో ఉండే ఒక బాబాయి నా దగ్గరకు ఒక రిపోర్టు తెచ్చారు. ఆయనది వీధులు ఊడ్చే పని. "నాకు యాంటీబాడీలు ఉన్నాయట అమ్మాయీ. ఇక మాస్కు ఎందుకని పైనున్న ముకాదం అంటున్నాడు. నిజమేనా?" నేను ల్యాబు టెక్నీషియన్ని కాబట్టి నన్నడిగారు. ఆ రోజు ఆయనకు చెప్పిందే మీకూ చెబుతాను.

అది ఎలైసా పరీక్ష రిపోర్టు. చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలకకు చంపిన వైరస్‌నో, దాని ప్రొటీన్‌నో అంటించి ఉంచుతారు. మన సీరం వేస్తే యాంటీబాడీలు దానికి అతుక్కుంటాయి. తర్వాత వచ్చే రంగును యంత్రం కొలుస్తుంది. పూణెలోని జాతీయ వైరాలజీ సంస్థ 2020లో తయారుచేసిన 'కవచ్' కిట్టుతో రెండున్నర గంటల్లో 90 నమూనాలు చూడొచ్చు. ఎంతమందికి వైరస్ సోకి పోయిందో తెలుసుకోవడానికి అది మంచి సాధనం. పేరే కొంచెం తిప్పలు పెట్టింది. కవచం అంటే రక్షణే అనుకోరా మరి!

కానీ అతుక్కోవడం వేరు, ఆపడం వేరు. దొంగ చొక్కా పట్టుకుంటే చాలదు, తాళం తీసే చెయ్యి పట్టుకోవాలి.

ఆపుతున్నాయో లేదో చెప్పేది న్యూట్రలైజేషన్ పరీక్ష. సీరాన్ని 10 రెట్లు, 20, 40, 80... ఇలా పలచన చేస్తూ పోతారు. ప్రతిదానిలో ఒకే మోతాదు బతికున్న వైరస్‌ను కలిపి, గంటసేపు ఉంచి, కోతి మూత్రపిండం నుంచి పెంచిన వీరో కణాల పొర మీద వేస్తారు. వైరస్ కణాలను చంపిన చోట పొరలో చిల్లులు పడతాయి. కొన్ని రోజులాగి, రంగు వేసి, చిల్లుల్ని లెక్కపెడతారు. ఎంత పలచన చేసినా చిల్లులు సగానికి తగ్గుతున్నాయో, అదే ఫలితం. కళ్ళు లాగేసే పని. బతికున్న కరోనా వైరస్ కనుక మూడో స్థాయి భద్రత ఉన్న ల్యాబులోనే చేయాలి. వీధి చివర ల్యాబులో దొరకదు. హాని చేయలేని వైరస్‌కు కరోనా స్పైక్ తొడిగి చేసే సూడోవైరస్ పద్ధతికి రెండో స్థాయి చాలు.

ఆ ఏడాది చివర్లో ఒమిక్రాన్ వచ్చింది. పాత వైరస్‌ను బాగా ఆపిన సీరాలే దీన్ని చాలా తక్కువగా ఆపాయి. ఎలైసా కాగితం మీద అంకె మాత్రం అలాగే ఉంది.

యాంటీబాడీ పరీక్ష చూసి రక్షణ ఉందని తేల్చుకోవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2021 మేలోనే చెప్పింది. బాబాయికి నేనూ అంతే చెప్పాను, మాస్కు తీయొద్దని. "ఆ మాట ముకాదంకి నువ్వే చెప్పమ్మా, నేను చెబితే వినడు" అన్నారు. మర్నాడు పొద్దున ఆరింటికి హాజరు వేసే చోటికి వెళ్ళి, ఇదంతా మళ్ళీ మరాఠీలో చెప్పాను.