ఊపిరితిత్తి పొరకు బలపపు రాతి పొడి

రొమ్ములో మరల మరల నీరు చేరుచున్న రోగికి "లోపల పౌడరు చల్లెదము" అని వైద్యుడు చెప్పగానే ఇంటిల్లిపాదికిని గుండె జారును. ముఖమునకు అద్దుకొను పౌడరుపై క్యాన్సరు వ్యాజ్యములు నడచిన సంగతి పత్రికలలో చదివినవారికి ఆ భయము సహజమే. అందు నిజమెంతయో నేడు పరిశీలింపదలచితిమి.

ఈ పొడి పేరు టాల్కు. మనము పలకపై దిద్దిన బలపపు రాయియే. ఊపిరితిత్తికిని ప్రక్కటెముకలకును నడుమ రెండు పలుచని పొరలు కలవు. క్యాన్సరు వలన వాని నడుమ నీరు ఊరుచుండిన ఆయాసము తీరదు. నీటిని తీసివేసి నాలుగైదు గ్రాముల టాల్కును చేర్చినచో పొరలు వాచి, ఒకదానికొకటి అతుకుకొనును, నీటికి చోటుండదు. 1935లో కెనడా శస్త్రవైద్యుడు నార్మన్ బెథూన్ టాల్కును ఇట్లు మొదట వాడెను. పిదప జ్వరము, నొప్పి కలుగుట ఆ వాపు లక్షణమే. మన దేశమున రొమ్ములో నీటికి తరచు క్షయ కారణము. దానికి క్షయ మందులే చికిత్స. కావున నీటిని పరీక్షింపక పౌడరు మాట తలపెట్టరాదు.

ఇక అపాయము. భూమిలో టాల్కునకు రాతినార పొరుగున ఉండవచ్చును. తాడిపత్రి వైపు బలపపు రాయి, పులివెందుల వైపు రాతినార దొరకుట మనవారెరిగినదే. రాతినార ఈ పొరకే క్యాన్సరు తెచ్చును. బ్రిటనులో 1979లో ప్రకటించిన పరిశీలనలో, టాల్కు గాని కేయొలిన్ గాని పొందిన 210 మందిని 14 మొదలు 40 ఏండ్ల పిదప విచారింపగా ఒక్కరికిని ఆ పొర క్యాన్సరు కానరాలేదు. 2024లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ టాల్కును "బహుశా క్యాన్సరు కారకము" అను వర్గమున చేర్చిన మాట నిజమే. అది ఈ చికిత్సను చూచి ఇచ్చిన తీర్పు కాదు. అయినను, ఊపిరితిత్తి చిల్లుపడి గాలి చేరిన ఇరువదేండ్ల యువకుని విషయమున మరింత ఆలోచింపవలెనని మా అభిప్రాయము.

అంతకంటె దగ్గరి అపాయము రేణువుల పరిమాణములో ఉన్నది. మరీ సన్ననివి రక్తములో కలసి, అరుదుగా ఊపిరితిత్తులను వాచునట్లు చేసి ప్రాణముమీదికి తెచ్చినవి. 2007లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఐరోపా పరిశీలనలో పెద్ద రేణువుల టాల్కు పొందిన 558 మందిలో ఒక్కరికిని ఆ ఉపద్రవము కలుగలేదు.

సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూరున వైద్యపరికరముల పార్కునకు 2017లో శంకుస్థాపన జరిగినది. ఆ ప్రాంతపు మందుల కర్మాగారములలో పనిచేయు శ్రోతలకు, డబ్బాపై అచ్చైన బ్యాచి సంఖ్య వెనుక ఎంత పరీక్ష ఉండునో మేము చెప్పనక్కరలేదు. రోగి బంధువులు వైద్యుని నిస్సంకోచముగా అడుగవచ్చును: ఇది వైద్యమునకై తయారైనదేనా? సూక్ష్మజీవరహితమా? రాతినార లేదని పరీక్షించినదేనా? సన్నరేణువులు తొలగించినదేనా? టాల్కు వలదనువారికి, రొమ్మున సన్నని గొట్టమునుంచి ఇంటివద్దనే నీటిని తీసివేయు మార్గమును కలదు.