మెలితిప్పే బెలూన్లతో సూపర్‌హీరో బొమ్మలు
(వార్షిక మహాసభలో ఒక సభ్యురాలి ప్రసంగం)



నేను పుట్టినరోజు ఫంక్షన్లలో బెలూన్లతో సూపర్‌హీరో బొమ్మలు చేస్తాను. ఆ పని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

దీనికి '260' అనే పొడుగు బెలూన్లు కావాలి. గాలి నింపితే 2 అంగుళాల లావు, 60 అంగుళాల పొడవు వస్తాయి. నోటితో ఊదడం కష్టం, చేతిపంపు కొనుక్కోవాలి. చివర కొంచెం ఖాళీ వదలాలి. మెలి తిప్పినప్పుడు గాలి అటు జరుగుతుంది, లేకపోతే టప్పున పేలుతుంది. ఎప్పుడూ ఒకే వైపు, మూడు చుట్లు తిప్పాలి.

స్పైడర్‌మ్యాన్‌ తేలిక. ఎర్ర బెలూన్‌లో సగానికి కాస్త ఎక్కువ గాలి కొట్టండి. మధ్యలో జానెడు ఉచ్చులా మడిచి మెలి తిప్పితే అది ఛాతీ, మిగిలిన రెండు కొసలూ చేతులు. నీలం బెలూన్‌ని సగానికి మడిచి కింద తగిలిస్తే కాళ్లు. చిన్న గుండ్రటి ఎర్ర బెలూన్ తల. సాలెగూడు గీతలు మార్కర్‌తో, గట్టిగా నొక్కకుండా గీయాలి. ఇదే పద్ధతిలో ఆకుపచ్చ వేస్తే హల్క్, చర్మం రంగు ఛాతీకి నారింజ పంచె కడితే ఛోటా భీమ్. ఆ భీమ్ 2008 నుంచి టీవీలో వస్తున్నాడు, తయారైంది మన హైదరాబాద్‌లోనే!

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. పగిలిన ముక్క, ఊదని బెలూన్ పిల్లల గొంతులో పడితే ఊపిరి ఆడదు, ప్రాణం మీదికొస్తుంది. 8 ఏళ్ల లోపు పిల్లల చేతికి ఊదని బెలూన్ ఇవ్వొద్దు. కత్తిరించిన తోకలు, పేలిన ముక్కలు అప్పటికప్పుడే ఏరి సంచిలో వేయండి. బొమ్మ ఇచ్చేటప్పుడు, "నోట్లో పెట్టుకోనివ్వకండమ్మా" అని తల్లికి చెప్పండి. రబ్బరు పడనివాళ్లున్నారేమో కూడా అడగండి.

ఇక ధర. "గాలి ఊదినదానికి ఇంత డబ్బా?" అంటారు. గాలికి కాదండీ, చేతిపనికి! ఫంక్షన్‌లో పని 2 గంటలు, రానుపోను, ఎదురుచూపు 3 గంటలు అనుకుందాం. గంటకు 100 రూపాయల కూలి వేసుకుంటే 500. పేలినవాటితో కలిపి బెలూన్లు 250, బస్సు ఛార్జీలు 100. మొత్తం 850. అంతకు తగ్గితే మన కూలి మనమే వదులుకున్నట్టు. సంఘంలో పొదుపు రాసినట్టే ఈ లెక్కా పుస్తకంలో రాయండి. అడ్వాన్సు తీసుకున్నాకే తేదీ ఒప్పుకోండి.

ఇది రోజూ దొరికే పని కాదు. దీన్ని నమ్ముకుని పెద్ద అప్పు తీసుకోవద్దు. ఒక పంపు, రెండు ప్యాకెట్లతో మొదలుపెట్టి, ఇంట్లో పిల్లల ముందు చేయి తిరిగాక బయటికెళ్లండి. ఎండలో పెడితే బెలూన్లు పాడవుతాయి, నీడలోనే దాచండి.

నేర్చుకోవాలనుకునే అక్కలు మీ గ్రామ సంఘం మీటింగులో పేర్లు ఇవ్వండి. నాకు వచ్చినంత నేర్పుతాను. సెలవు.