బాలుని సొమ్ము



హరిశ్చంద్ర నాటకము చూడని గ్రామము మన సీమలో అరుదు. కాశీనగరపు వీథిలో తల్లితోకూడ అమ్ముడుపోవు లోహితాస్యుని గాంచి కంటతడి పెట్టనివారు అంతకంటెను అరుదు. కాని ఆ రాత్రి లోహితాస్యుని వేషము కట్టిన పిల్లవాడు, నాటకము ముగిసిన పిమ్మట ఏమి తినెనో, ఎక్కడ పరుండెనో, కంట్రాక్టరు ఇచ్చిన రూకలు ఎవరి చేతిలో పడెనో విచారించిన వారెందరు? రంగముమీది బాలుని దుఃఖము మనకు కనబడును. తెరవెనుకటి బాలుని బ్రతుకు కనబడదు. నేడు నేను చెప్పబోవునది అట్టి తెరవెనుకటి కథ. ఇది అమెరికాదేశమున జరిగినది. ఐనను ఇందలి ధర్మము మనకును అక్కరకు వచ్చునది గావున మీ ముందుంచుచున్నాను.

గారీ కోల్మన్ అను బాలుడు 1968 వ సంవత్సరము ఫిబ్రవరి 8 వ తేదీన ఇల్లినాయి రాష్ట్రమందలి జయాన్ అను పట్టణమున జన్మించెను. పసికందుగా నుండగనే ఒక దంపతులు వానిని దత్తు చేసికొనిరి. మూత్రపిండముల వ్యాధి వానికి పుట్టుకతోనే వచ్చినది. 1973 లో ఒకమారును, 1984 లో మరియొకమారును, పరుల మూత్రపిండమును తెచ్చి అమర్చెడి శస్త్రచికిత్స వానికి జరిగెను. ఆ వ్యాధిచేతను, దానికై వాడిన మందులచేతను, వాని యెదుగుదల నిలిచిపోయెను. పెద్దవాడైన పిదపను అతని యెత్తు 4 అడుగుల 8 అంగుళములు మాత్రమే.

ఇట్లు దేహము కృశించినను, వాని బుద్ధి చురుకైనది, మాట పదునైనది. ఒక బ్యాంకువారి ప్రకటనలో నటించి వాడు మొదట పదిమంది కంటబడెను. తరువాత 1978 నవంబరులో, పదేండ్ల ప్రాయమున, 'డిఫరెంట్ స్ట్రోక్స్' అను టెలివిజన్ ధారావాహికలో ఆర్నాల్డ్ అను పాత్ర వానికి లభించెను. న్యూయార్కు నగరమున ఒక ధనవంతుడగు తెల్లవాడు, తన యింట పనిచేసి మరణించిన నల్లజాతి స్త్రీయొక్క ఇద్దరు కొడుకులను తెచ్చి పెంచుకొనుట అందలి కథ. ఆ ఇద్దరిలో చిన్నవాడు మన గారీ. అన్న యేదో చెప్పగా, వీడు మూతి బిగించి, కన్నులు పెద్దవి చేసి, "ఏమిటిరా నీవనునది?" అను భావము గల ఒక్క మాట అనును. ఆ మాటకు దేశము దేశమంతయు పకపక నవ్వెను. ఆ ధారావాహిక 1986 వరకు ఎనిమిది వరుసలుగా నడిచినది. ఒక్కొక్క భాగమునకు వాని ప్రతిఫలము లక్ష డాలర్ల వరకు పెరిగినది.

ఇచ్చట ఒక విషయము గమనింపుడు. ఇతర బాలనటులు ఏటేట పెరిగి బాలపాత్రలకు తగనివారగుదురు. ఈ బాలుడు పదునెనిమిదేండ్లవాడైనను చూపులకు పదేండ్లవానివలెనే యుండెను. అందుచేత అతనిని కుంగదీసిన రోగమే అతనిచేత ధనమార్జించువారికి అనుకూలమయ్యెను. ఆసుపత్రికిని నటనశాలకును నడుమ వాని బాల్యము గడిచిపోయెను.

అతడు యుక్తవయస్సు వచ్చి తన లెక్కలు చూచుకొనెను. ఆర్జించినదానికిని మిగిలినదానికిని పొంతన కుదరలేదు. 1989 లో తన్ను పెంచిన తల్లిదండ్రులమీదను, వ్యవహారములు చూచిన సలహాదారుమీదను అతడు న్యాయస్థానమున దావా వేసెను. తన పేర నుంచిన నిధినుండి 38 లక్షల డాలర్లు అన్యాయముగా వెచ్చింపబడినవని అతని అభియోగము. 1993 లో తీర్పు అతనికి అనుకూలముగా వచ్చెను. సుమారు 12 లక్షల 80 వేల డాలర్లు అతనికి చెల్లింపవలెనని న్యాయస్థానము నిర్ణయించెను. వ్యాజ్యము గెలిచినాడు, నిజమే. కాని తల్లిదండ్రులమీద వ్యాజ్యము గెలిచిన కొడుకు గెలుచుకొన్న దేమి? పోయిన డబ్బులో కొంత వచ్చినది. పోయిన యిల్లు రాలేదు.

ఆపైన అతనికి వేషములు తగ్గినవి. బొమ్మ రైళ్లనిన అతనికి చిన్ననాటినుండి ప్రాణము. అట్టి వస్తువులమ్ము దుకాణములలో కొంతకాలము పనిచేసెను. 1998 నాటికి లాస్ ఏంజిలస్ నగరమున కాపలాదారు ఉద్యోగము చేయుచుండెను. ఆ యేడే సంతకము కోరి వచ్చిన ఒక స్త్రీతో తగవు పడెను; పిదప న్యాయస్థానమున జుల్మానా చెల్లించుకొనెను. 1999 లో ఐ.పి. పెట్టెను. దివాలాకు కారకులెవరని అడిగినవారికి అతడిచ్చిన ప్రత్యుత్తరము గమనింపదగినది. తప్పు తనతో మొదలై, లెక్కలు వ్రాసినవారిని, పెంచినవారిని, ఏజెంట్లను, వకీళ్లను తాకుచు, చుట్టు తిరిగి మరల తనయొద్దకే వచ్చునని అతడు చెప్పెను. తన పాలును దాచుకొనక చెప్పినవాని మాటను మనము నమ్మవచ్చును.

2003 లో కాలిఫోర్నియా రాష్ట్రమునకు గవర్నరు ఎన్నిక జరిగినప్పుడు, ఆ ఎన్నికను పరిహసించుటకై ఒక వారపత్రికవారు ఇతని పేర రుసుము కట్టి అభ్యర్థిగా నిలిపిరి. 135 మంది అభ్యర్థులలో ఇతడు 14,242 వోట్లతో ఎనిమిదవవాడుగా నిలిచెను. ముప్పదియైదేండ్ల మనుష్యుని అప్పటికిని లోకము నవ్వులాటకే పిలిచినది. వీథిలో కనబడిన ప్రతివాడును ఆ చిన్ననాటి మాటనే మరల ఒకమారు అనుమని కోరుచుండెను. ఆ మాటనిననే అతనికి రోత పుట్టినది. 2005 లో యూటా రాష్ట్రమునకు తరలిపోయి, అచ్చటనే 2010 మే 28 వ తేదీన, ఇంటిలో పడిన పిదప మెదడులో రక్తస్రావమై, నలువదిరెండవయేట మరణించెను.

ఇది యొక్క యింటి దోషమేయని తలపవలదు. అదే ధారావాహికలో అక్కగా నటించిన డేనా ప్లేటో మత్తుమందులపాలై 1999 లో ముప్పదినాలుగేండ్లకే మరణించెను. అన్నగా నటించిన టాడ్ బ్రిడ్జెస్ కూడ మత్తుమందుల ఊబిలో దిగి, ఎంతయో శ్రమపడి బయటపడెను. అంతకు పూర్వము, మూగచిత్రముల కాలమున, జాకీ కూగన్ అను బాలుడుండెను. 1921 లో చాప్లిన్‌తోకూడ 'ది కిడ్' చిత్రమున నటించి లోకప్రసిద్ధుడయ్యెను. బాల్యమున వాడార్జించినది ముప్పది నలువది లక్షల డాలర్లని అంచనా. పెద్దవాడై తన సొమ్ము తనకిమ్మనగా, తల్లియు సవతితండ్రియు ఇయ్యలేదు. 1938 లో వ్యాజ్యమాడగా చేతికి చిక్కినది సుమారు 1 లక్షా 26 వేలు. ఆ యన్యాయమును చూచి 1939 లో కాలిఫోర్నియావారు బాలనటుల ధనరక్షణకై ఒక శాసనము చేసిరి. దానికి కూగన్ పేరే వాడుక.

శాసనముండగా గారీ కోల్మనునకు ఆ గతి ఏల పట్టెనని మీరడుగవచ్చును. ఆ శాసనము న్యాయస్థానము ఆమోదించిన ఒడంబడికలకే వర్తించెడిది. తక్కినవానికి తగలదు. అంతేకాక, మైనరు బిడ్డ సంపాదన తల్లిదండ్రులదే యను పాత న్యాయము ఆ దేశమున చెల్లుచుండెను. ఆ లోపములు సవరింపబడి, బాలుని యార్జన బాలునిదే యనియు, అందు నూటికి 15 వంతులు తప్పక విడిగా నిలువచేయవలెననియు నిర్ణయమైనది 2000 వ సంవత్సరమునుండియే. గారీ బాల్యము అప్పటికి ఎన్నడో గడిచిపోయినది.

ఇక మన సంగతి. "కన్నవారము, పెంచినవారము, బిడ్డ సంపాదన ఇంటిది కాక మరెవరిది?" అని మనలో ననేకులందురు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చరాదు. బిడ్డను చంకనెత్తుకొని ఊరూర తిప్పిన తల్లి శ్రమ శ్రమ కాదా? ఉద్యోగము మానుకొని వెంటనుండిన తండ్రికి కూడు వలదా? వలయును. ఆ శ్రమకు తగిన వెచ్చము పుచ్చుకొనుట తప్పుగాదు. వెచ్చము పుచ్చుకొనుట వేరు, మూలధనమునకు తానే యజమానుడనని తలచుట వేరు. చెరువునుండి కడవెడు నీరు తెచ్చుకొనవచ్చును. గట్టు తెగగొట్టుకొనరాదు.

మన స్మృతులలోను ఈ వివేకము లేకపోలేదు. బాలునికి సంక్రమించిన ధనమును, వాడు గురుకులమునుండి మరలి వచ్చువరకు, లేదా బాల్యము గడచువరకు, రాజు కాపాడవలెనని మనుస్మృతి యెనిమిదవ అధ్యాయమున చెప్పబడినది. తండ్రిలేని బాలుని ధనమునకు రాజే కావలికాడైనప్పుడు, తల్లిదండ్రులున్న బాలుని ధనమునకు వారు కావలివారు గాక మరేమగుదురు? ఇంకను చూడుడు. సమష్టి కుటుంబమున ఒకడు తన విద్యచే ఆర్జించిన ధనము వాని స్వంతమా, కుటుంబముదా అని న్యాయస్థానములలో చిరకాలము వివాదము నడిచినది. కుటుంబపు ఖర్చుతో చదువు చెప్పించినంతమాత్రమున ఆ విద్యాధనము ఉమ్మడిసొత్తు కానేరదని 1930 లో శాసనమే పుట్టినది. పెద్దవాని విద్యాధనము పెద్దవానిది కాగా, చిన్నవాని విద్యాధనము చిన్నవానిది కాకుండునా? నటనయు విద్యయే, పాటయు విద్యయే.

మైనరు ఆస్తికి గార్డియనుగా నుండుట యెంత కత్తిమీద సామో మీలో పెక్కుమందికి అనుభవైకవేద్యము. మైనరు పొలమును అన్యాయముగా అమ్మినవానిని ఊరు క్షమింపదు. కాని పొలము కంటికి కనబడు సొత్తు. పాటపాడియు, వేషము కట్టియు బిడ్డ తెచ్చిన రూకలు కనబడవు. వచ్చినవి వచ్చినట్లే గోడలలోను, పెండ్లిండ్లలోను, పాత బాకీలలోను కలిసిపోవును. బిడ్డ పెద్దవాడై అడుగునాటికి లెక్క చెప్పువాడుండడు.

నేడు మన తెలుగునాట పల్లెలనుండియు పిల్లలు టెలివిజన్ పాటల పోటీలకును, నాట్యపు పోటీలకును, ధారావాహికలకును పోవుచున్నారు. ఇది సంతోషింపదగినదే. వారి రక్షణకై భారత ప్రభుత్వమువారు 2017 లో చేసిన నియమములను గ్రామపెద్దలు తప్పక తెలిసికొనవలెను. బాలుని దినమునకు 5 గంటలకు మించి పనిచేయింపరాదు. విశ్రాంతి లేకుండ 3 గంటలకు మించరాదు. వరుసగా 27 దినములకు మించి పనిలో నుంచరాదు. నిర్మాత జిల్లా మేజిస్ట్రేటు అనుమతి పొందవలెను. చదువు చెడకుండ చూడవలెను. వాని యార్జనలో నూటికి 20 వంతులకు తక్కువ కాకుండ, జాతీయ బ్యాంకులో వాని పేర నిర్ణీతకాలపు డిపాజిట్టుగా వేయవలెను. అది వానికి యుక్తవయస్సు వచ్చినప్పుడు చేరవలెను. బాలుని ఇష్టమునకును సమ్మతికిని విరుద్ధముగా వానిచేత ఏ పనియు చేయింపరాదు.

ఈ కడపటి నియమమే నా మనస్సున కన్నిటికంటె గొప్పది. శాసనము డబ్బును బ్యాంకులో దాచగలదు. బాల్యమును దాచు బ్యాంకి లేదు. బిడ్డ "నేనిక ఆడను, పాడను" అన్ననాడు, "సరే నాయనా, ఇంటికి పోదము" అని చేయి పట్టుకొనవలసినది ఏ మేజిస్ట్రేటును గాదు, తల్లిదండ్రులు. వారికి ఆ మాట నోటరానినాడు చెప్పవలసినవారు ఊరి పెద్దలు. మీ యూర ఏ పిల్లవాడైన బహుమతి గెలిచి వచ్చిననాడు మేళతాళములతో ఊరేగింపుడు, తప్పులేదు. ఆ మరునాడు మాత్రము వాని తండ్రిని రచ్చబండకడకు పిలిచి, "డబ్బు వాని పేర వేసితివా? వాడు బడికి పోవుచున్నాడా?" అని రెండు ప్రశ్నలడుగుడు. అడుగువారున్నారని తెలిసిన ఇంట లెక్క తప్పదు.

ఎనిమిదేండ్లు ఒక దేశమును నవ్వించిన బాలునికి, తన లెక్క అడుగుటకు న్యాయస్థానము తప్ప వేరు గడప దొరకలేదు. మన పిల్లలకు ఆ గడప తొక్కవలసిన పని రాకుండుగాక!