జర్మనీలో ఫీజు లేదు సరే, గది సంగతేంటి?

ఈ ఎపిసోడ్ మాస్టర్స్ కోసం జర్మనీ వెళ్ళాలనుకునే వాళ్ళ కోసం. పక్కన అమ్మానాన్నలు ఉంటే వాళ్ళని కూడా కూర్చోబెట్టండి, ఎందుకంటే ఈ రోజు మాట్లాడేదంతా డబ్బు లెక్కే.

మా పిన్ని కొడుకుకి రెండు అడ్మిట్లు వచ్చాయి. ఒకటి మ్యూనిక్, ఇంకోటి మాగ్డెబుర్గ్. రెండు చోట్లా ట్యూషన్ ఫీజు లేదు. వాడి మనసంతా మ్యూనిక్ మీదే ఉంది. పెద్ద సిటీ, పెద్ద కంపెనీలు, ఫ్రెండ్స్ కూడా అక్కడే. బాబాయ్ మాత్రం నాకు ఫోన్ చేసి ఒకటే అడిగాడు: "ఒరేయ్, ఇంటి కాగితాలు బ్యాంకులో పెడుతున్నాం. ఫీజు లేదంటున్నారు కదా, మరి ఈ లోన్ అంతా దేనికి పోతోంది రా?"

కరెక్ట్ ప్రశ్న. సమాధానం కూడా చిన్నదే. గదికి పోతోంది.

ముందు ఒక మాట. జర్మనీలో ఫీజు లేదన్నది అన్ని చోట్లా నిజం కాదు. స్టుట్‌గార్ట్, హైడెల్‌బెర్గ్ లాంటి ఊళ్ళున్న బాడెన్ వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మనలాంటి వాళ్ళకి సెమిస్టర్‌కి 1500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ అయితే 2024 వింటర్ సెమిస్టర్ నుంచి కొత్తగా చేరే మాస్టర్స్ స్టూడెంట్స్ దగ్గర, కోర్సుని బట్టి, సెమిస్టర్‌కి 4000 లేదా 6000 యూరోలు తీసుకుంటోంది. మా వాడి అడ్మిట్ అక్కడ కాదు కాబట్టి ఆ బరువు లేదు.

ఇప్పుడు బ్లాక్డ్ అకౌంట్. వీసా కోసం ఏడాదికి 11,904 యూరోలు ముందే అందులో వేసి చూపించాలి. యూరోకి వంద రూపాయలు అనుకుంటే దాదాపు పన్నెండు లక్షలు. అక్కడికి వెళ్ళాక అదంతా ఒకేసారి చేతికి రాదు. మినిమమ్ మాత్రమే వేస్తే నెలకి 992 యూరోలు వస్తాయి, అంతే. చాలామంది ఈ 992ని నెల బడ్జెట్ అనుకుంటారు. అది వీసా వాళ్ళు పెట్టిన కనీస మొత్తం. మీరు వెళ్ళే ఊరి అద్దెకీ దానికీ సంబంధం లేదు.

లెక్క వేద్దాం. మ్యూనిక్‌లో షేర్డ్ ఫ్లాట్‌లో ఒక గది 800 యూరోల దాకా ఉంటుంది. స్టూడెంట్ హెల్త్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, దాదాపు 150. మొత్తం 950. చేతిలో మిగిలేది 42 యూరోలు. ఇంకా బియ్యం కొనలేదు, బస్ పాస్ తీసుకోలేదు, ఫోన్ రీచార్జ్ చేయలేదు. అదే మాగ్డెబుర్గ్‌లో గది 350 ప్రాంతంలో దొరుకుతుంది. ఇన్సూరెన్స్ కలిపితే 500. 492 మిగిలింది. సొంతంగా వండుకుంటే దాంతో హాయిగా గడుస్తుంది.

"అన్నా, పార్ట్ టైమ్ చేసుకుంటాం కదా" అంటారు. నిజమే. ఏడాదికి 140 ఫుల్ డేస్ లేదా 280 హాఫ్ డేస్ పనిచేయొచ్చు. 2026లో కనీస వేతనం గంటకి 13.90 యూరోలు. మ్యూనిక్‌లో నెలకి మూడొందల లోటు వచ్చిందనుకోండి, ఇరవై రెండు గంటల పని చేస్తే తీరుతుంది. ఉద్యోగాలు కూడా అక్కడే ఎక్కువ, చిన్న ఊళ్ళో జర్మన్ రాకపోతే పని దొరకడం కష్టం. కాబట్టి మ్యూనిక్ అసాధ్యం అని నేను చెప్పట్లేదు. ప్రశ్నల్లా ఆ పని దొరికేదాకా ఎన్ని నెలలు, ఆ నెలలు ఎవరి డబ్బుతో అన్నదే.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మొదటి నెలలోనే తగులుతుంది. మన హైదరాబాద్‌లో అడ్వాన్స్ ఇచ్చినట్టే అక్కడా డిపాజిట్ ఇవ్వాలి. చట్టం ప్రకారం మూడు నెలల బేస్ రెంట్ దాకా అడగొచ్చు. హీటింగ్, మెయింటెనెన్స్ కలపని అద్దెని కాల్ట్‌మీటె అంటారు, అన్నీ కలిపితే వార్మ్‌మీటె. 800 గదిలో కాల్ట్‌మీటె 650 అనుకుంటే డిపాజిట్ 1950, మొదటి నెల అద్దె 800. మొత్తం 2750 యూరోలు, అంటే రెండు లక్షల డెబ్భై ఐదు వేలు. మీ బ్లాక్డ్ అకౌంట్ ఆ నెల ఇచ్చేది 992. మిగతాది వేరేగా ఉండాలి, లోన్ ప్లాన్‌లోనే రాసుకోవాలి. ఒక విషయం గుర్తుపెట్టుకోండి, డిపాజిట్‌ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు మీకు చట్టంలోనే ఉంది. ఓనర్ చెప్పడు, మీరే అడగాలి.

మరి హాస్టల్? స్టూడెంట్ సర్వీస్ వాళ్ళు నడిపే హాస్టళ్ళు చవక. కానీ మ్యూనిక్ లాంటి చోట వెయిటింగ్ లిస్ట్ సెమిస్టర్ల లెక్కలో ఉంటుంది. అడ్మిట్ రాగానే అప్లై చేసేయండి, వీసా వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు.

ఇక్కడే మోసగాళ్ళు దిగుతారు. మన ఛానెల్ చూసే ఒక అమ్మాయి నాకు స్క్రీన్‌షాట్లు పంపింది. సిటీ మధ్యలో ఫ్లాట్, అద్దె సగం, ఫొటోలు హోటల్‌లా ఉన్నాయి. ఓనర్ వేరే దేశంలో ఉన్నాడట, డిపాజిట్ పంపితే తాళాలు కొరియర్ చేస్తాడట. ఆ అమ్మాయి పంపే ముందు అడిగింది కాబట్టి బతికిపోయింది. గది చూడకుండా, లేదా మీకు తెలిసినవాళ్ళు వెళ్ళి చూడకుండా, ఒక్క యూరో కూడా పంపొద్దు.

ఇంకో మాట "నో అన్మెల్డుంగ్". అన్మెల్డుంగ్ అంటే మీ అడ్రస్‌ని సిటీ ఆఫీసులో నమోదు చేయించుకోవడం. ఇంట్లో దిగిన రెండు వారాల్లో చేయించాలి, దానికి ఓనర్ సంతకం చేసిన కాగితం కావాలి. వాట్సాప్ గ్రూపుల్లో తక్కువ అద్దెకి వచ్చే గదులు చాలావరకు ఆ కాగితం ఇవ్వరు. నమోదు లేకపోతే ట్యాక్స్ నంబర్ దగ్గర ఆగిపోతారు, రెసిడెన్స్ పర్మిట్ దగ్గర ఇబ్బంది పడతారు. వంద యూరోలు మిగిలాయని అలాంటి గదిలో దిగితే చేతికొచ్చిన పార్ట్ టైమ్ జాబ్ కూడా చిక్కుల్లో పడుతుంది.

బాబాయ్‌కి నేను చెప్పింది ఇదీ. బ్లాక్డ్ అకౌంట్ కాకుండా ఇంకో అయిదారు లక్షలు పక్కన పెట్టగలిగితే మ్యూనిక్ పంపండి, మంచి అవకాశమే. దాని కోసం ఇంకో అప్పు చేయాల్సి వస్తే మాగ్డెబుర్గ్. తమ్ముడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వాడే ఎక్సెల్ షీట్ పంపి, "అన్నా, డిపాజిట్ ఏ కాలమ్‌లో వేయాలి?" అన్నాడు. ఇంకా తేల్చుకోలేదు, కానీ ఇప్పుడు ఇంట్లో అందరూ ఒకే లెక్క చూస్తూ మాట్లాడుకుంటున్నారు.

మీరూ ఈ రోజే ఒక కాగితం మీద నాలుగు నంబర్లు రాయండి: మీ సిటీలో గది అద్దె, డిపాజిట్, ఇన్సూరెన్స్, ఆరు నెలలు పని దొరకకపోతే ఎంత కావాలి. ఆ కాగితం అమ్మానాన్నలకి చూపించాకే కన్సల్టెన్సీకి డబ్బు కట్టండి. మీ సిటీ పేరు, అక్కడి అద్దె కామెంట్‌లో పెట్టండి, తర్వాత వచ్చేవాళ్ళకి పనికొస్తుంది. వచ్చే వారం కలుద్దాం. అప్పటిదాకా జాగ్రత్త, బై.