గాలి కన్నా కాగితం బలం



గాలి కరెంటు గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారని చెబితే మిత్రుడొకాయన, "ఆ మాటలు అనంతపురంలో చెప్పుకోవాలి గానీ తిరుపతిలో ఏముంది స్వామీ" అన్నారు. పైకి చూస్తే నిజమే. మదనపల్లె దాటి చాలా దూరం పోతే గానీ వరసగా తిరిగే గాలిమరలు మనకు కనబడవు. కానీ ఆ మరలు తిప్పిన కరెంటులో ఎక్కువ భాగం కొనేది ఎవరు? తిరుపతిలో ప్రధాన కార్యాలయం ఉన్న విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) ఎస్పీడీసీఎల్. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు అనంతపురం, కర్నూలు జిల్లాలు హైదరాబాద్ డిస్కం నుంచి విడివడి మన డిస్కంలో కలిశాయి. అప్పటినుంచి రాయలసీమ గాలికి బేరగాడు తిరుపతివాడే. ఈ హాల్లో ఆ సంస్థలో పనిచేసినవాళ్లు కొందరు ఉన్నారు. నేను తప్పు చెబితే అక్కడికక్కడే ఆపండి.

ఈ ముప్పై అయిదేళ్ల కథలో గాలి ఏటా తన వేళకు వచ్చింది. రాకడా పోకడా అంతా కాగితాలదే. ఈరోజు నేను చెప్పబోయేది అదొక్కటే.

ముందు గాలి సంగతి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అరేబియా సముద్రం మీది నుంచి వచ్చే నైరుతి గాలి పడమటి కనుమలకు తగిలి, తన తడినంతా అక్కడే దించేసి, మైసూరు పీఠభూమి మీదుగా మనవైపు పొడిగా వస్తుంది. అనంతపురానికి ఏడాదికి పట్టుమని 550 మిల్లీమీటర్ల వాన పడదంటే కారణం ఇదే. అక్కడ మరలు తిరగడానికి కారణమూ ఇదే. ఆషాఢంలో మబ్బుల్ని నెట్టుకుపోతోందని రైతు తిట్టుకునే గాలి, ఇంజనీరుకు మేలుజాతి గాలి. ఒకే గాలి ఒకరి కరువూ, ఇంకొకరి ఆదాయమూ కావడం రాయలసీమలో తప్ప ఇంత నేరుగా ఎక్కడ కనబడుతుందో నాకు తెలియదు.

మరి చిత్తూరు వైపు ఆ గాలి ఎందుకు లేదు? లేక కాదు. పలమనేరు, కుప్పం మెరకల మీద ఉంది. కొండ శిఖరాల మీద ఇంకా బాగా ఉంది. కానీ అనంతపురం మెట్టల్లా మైళ్ల కొద్దీ చెట్టూ చేమా అడ్డంలేని నేల మనకు తక్కువ. తిరుపతి ఊరు శేషాచలం నీడలో ఉంది. గాలి ఉన్న శిఖరాలేమో అడవిలో ఉన్నాయి. అది 1989 నుంచి జాతీయ పార్కు, 2010 నుంచి జీవావరణ రక్షిత ప్రాంతం. ఎర్రచందనం కొండల మీద క్రేన్లకు దారి కొట్టమని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా.

ఇక్కడ ఒక్క లెక్క చెప్పాలి, విసుక్కోకండి. గాలి వేగం రెట్టింపైతే దానిలోని శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు అవుతుంది. సెకనుకు 5 మీటర్ల గాలి ఉన్న మెట్టకూ, 6 మీటర్లున్న మెట్టకూ గాలి శక్తిలో తేడా 70 శాతం పైమాటే. అందుకే ఈ వ్యాపారంలో మొదటి పెట్టుబడి మరల మీద కాదు, కొలత మీద.

ఆ కొలతను దేశంలో ఒక దారికి తెచ్చినావిడ అన్నా మణి. వాతావరణ శాఖలో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా 1976లో రిటైరయ్యాక, మిగతావాళ్లు మనవళ్లతో కాలక్షేపం చేసే వయసులో ఆమె దేశంలోని మెట్టలూ తీరాలూ పట్టుకుని గాలిని కొలిపించే పని తలకెత్తుకున్నారు. పరికరం చాలా మామూలుది. ఇరవై, ఇరవై అయిదు మీటర్ల స్తంభం, పైన గిరగిరా తిరిగే మూడు గిన్నెలు, దిక్కు చూపే రెక్క, కింద లెక్క రాసుకునే పెట్టె. దాన్ని ఏడాది పొడుగునా ఆగకుండా నడపడమే అసలు కష్టం. ఆ సర్వే, దాని తర్వాతి కొలతలు కలిపి మన రాష్ట్రంలో గాలి ఉన్న చోట్ల జాబితా తయారైంది. రామగిరి, కడవకల్లు, సింగనమల, వజ్రకరూరు, నల్లకొండ, పుట్టపర్తి. చాలావరకు అనంతపురం పేర్లే. వాటి మధ్య మనవి రెండు: తిరుమల, కాకులకొండ.

అలా కేంద్రం డబ్బుతో పెట్టిన తొలినాటి ప్రదర్శన కేంద్రాల్లో తిరుమల ఒకటైంది. మొత్తం కలిపినా మెగావాట్‌కు అటూ ఇటూ ఉండే సరంజామా. కొండ మీద తిరిగే ఆ మరల్ని చూడని భక్తుడు ఉండడు. అదేమిటో తెలిసి చూసినవాళ్లు తక్కువ. తర్వాత కంపెనీలు కొన్ని స్వామికి విరాళంగా మరలు పెట్టాయి. ఈ మధ్య ముంబై సంస్థ ఒకటి 800 కిలోవాట్ల మరను సమర్పించింది. గాలిమర కూడా మొక్కుబడి సరుకైన చోటు ప్రపంచంలో ఇంకొకటి ఉందేమో మీరే చెప్పాలి.

గాలిని కొలవడంలో మన జిల్లాలకు ఇంకో ఘనత ఉంది, దాన్ని మనమే సరిగ్గా చెప్పుకోం. పాకాల దగ్గర గాదంకిలో 1992 నుంచి ఎంఎస్‌టీ రాడార్ నడుస్తోంది. ఇప్పుడది జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. అక్కడ దాదాపు నాలుగెకరాల్లో వరసకు 32 చొప్పున 32 వరసలు, మొత్తం 1024 యాగీ యాంటెన్నాలు ఆకాశం వైపు ముఖం పెట్టుకుని ఉంటాయి. ఒకప్పుడు దూరదర్శన్ కోసం మిద్దెల మీద కట్టుకున్న యాంటెన్నా జాతివే. మన నెత్తిన పదహారు కిలోమీటర్ల ఎత్తున వానాకాలంలో తూర్పు నుంచి పడమరకు సెకనుకు 40 మీటర్లు దాటి పరుగెత్తే గాలి ప్రవాహాన్ని అవి చూడగలవు. అక్కడికి ఏ మరా చేరదు. మనకు కావలసింది నేల నుంచి 150 మీటర్ల లోపు గాలి. అయితే కింది పొరల కోసం అదే సంస్థ వేరే చిన్న రాడార్లూ తయారు చేసుకుంది. ఇటు శ్రీహరికోటలో రాకెట్ వదిలే ముందు బెలూన్లు ఎగరేసి పైగాలి ఎలా ఉందో చూసుకుంటారు. గాలి గురించి ఇంత తెలిసిన ప్రాంతం దేశంలో అరుదు. ఆ తెలివిడిలో మెట్టల మీది మరల దాకా ఎంత చేరిందన్నది వేరే ప్రశ్న.

ఇక కాగితాల కథకు వద్దాం.

1990ల నడుమ రామగిరి మెట్టల మీద ప్రైవేటు మరలు లేచాయి. బంగారు గనుల రామగిరే. ఒక్కోటి 225, 250 కిలోవాట్లు. పెట్టినవాళ్లలో చాలామందికి కరెంటు వ్యాపారంతో సంబంధం లేదు. మరకు పెట్టిన ఖర్చంతా మొదటి ఏడాదే తరుగుదల కింద చూపించి ఆదాయపు పన్ను తప్పించుకోవచ్చని చట్టం చెప్పింది. మర నిలబడితే చాలు, తిరగకపోయినా ఫరవాలేదు. ఆ ఫలితం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. 2000 దశకం చివరికి ఉమ్మడి రాష్ట్రం మొత్తంలో గాలి విద్యుత్తు సామర్థ్యం 120 మెగావాట్ల దగ్గర చతికిలబడి ఉంది. అప్పటికే పొరుగున తమిళనాడు నాలుగు వేలు దాటింది. వాళ్లకు పాలక్కాడు కనుమ గాలి ఉందనుకోండి. కానీ ఆ తేడా అంతా గాలి ఖాతాలో రాయలేం.

తర్వాత మళ్లీ కాగితమే లేపింది. 2015 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం పవన విద్యుత్ విధానం ప్రకటించింది. అయిదేళ్లలో నాలుగు వేల మెగావాట్లు లక్ష్యం. విద్యుత్ నియంత్రణ మండలి యూనిట్‌కు 4.84 రూపాయల దాకా ధర కట్టింది. ఒప్పందాలు పాతికేళ్లకు. మరోవైపు కేంద్రం యూనిట్‌కు 50 పైసల ప్రోత్సాహకాన్ని 2017 మార్చి 31తో ఆపేస్తానంది. తరుగుదల రాయితీని కూడా ఆ మర్నాటి నుంచి 80 శాతం నుంచి 40కి దించింది. ఇంక చూడండి పరుగులు! 2016-17 ఒక్క ఏడాదిలో మన రాష్ట్రంలో 2,190 మెగావాట్లు లేచాయి. ఆ ఏడాది దేశంలో మనదే మొదటి స్థానం. ఉరవకొండ, బెళుగుప్ప, వజ్రకరూరు దారుల్లో రాత్రిపూట ట్రైలర్ల మీద రెక్కలు పోతుంటే మలుపు మలుపునా కరెంటు తీగలు ఎత్తిపట్టుకునేవాళ్లు, కొమ్మలు కొట్టేవాళ్లు. ఆ రెక్కలు చేసే ఫ్యాక్టరీలు కూడా నెల్లూరు జిల్లాలో ఒకటి, అనంతపురం దగ్గర ఒకటి వచ్చాయి.

అదే సమయంలో ఢిల్లీలో ఇంకో కాగితం తయారైంది. 2017 ఫిబ్రవరిలో తొలిసారి గాలి కరెంటుకు వేలం పెడితే 3.46 రూపాయలకు పాడారు. అక్టోబరుకు 2.64. డిసెంబరులో గుజరాత్ వేలంలో 2.43. మనం 4.84కి పాతికేళ్ల ఒప్పందాలు రాసుకుని ఏడాది కూడా తిరగలేదు.

2019 జూలై 1న రాష్ట్రంలో కొత్త ప్రభుత్వం జీవో 63 ఇచ్చి ధరల్ని తిరగదోడే కమిటీ వేసింది. ఆ వెంటనే డిస్కం నుంచి కంపెనీలకు ఉత్తరాలు వెళ్లాయి, యూనిట్‌కు 2.43 చేసుకోండని. హైకోర్టు సెప్టెంబరులో జీవోను కొట్టేసింది గానీ, విషయం తేలేదాకా 2.43 చొప్పునే చెల్లించమంది. 2022 మార్చి 15న ధర్మాసనం ఆ మధ్యంతర ధరను కూడా పక్కనపెట్టి, ఒప్పందంలో ఏముందో అదే కట్టాలని తీర్పు చెప్పింది.

నా అభిప్రాయం అడిగితే, రెండు వైపులా తప్పుంది. దేశమంతా వేలానికి మళ్లుతోందని తెలిసి కూడా పాత ధరకు వరసపెట్టి సంతకాలు చేయడం జనం బిల్లుల మీద భారం మోపడమే. గుజరాత్ తీరపు గాలికి, మన మెట్టల గాలికి ఒకే ధర అనడం, అదీ రెండేళ్ల కిందట కట్టేసిన మరలకు వర్తింపజేయాలనడం లెక్క తెలిసినవాళ్ల మాట కాదు. అప్పులిచ్చిన బ్యాంకులు ఊరుకుంటాయా? 2019 మార్చికి మన రాష్ట్ర సామర్థ్యం 4,090 మెగావాట్లు. 2024లో కూడా 4,096. అయిదేళ్లలో ఆరు మెగావాట్లు! వేలం పాటలు గుజరాత్, తమిళనాడు వైపు పోవడం కూడా కారణమే. కానీ సంతకానికి విలువ లేదన్న పేరు పడ్డాక ఎవరు ఇటు చూస్తారు?

సంతకం అంటే గుర్తొచ్చింది. నెలకోసారి సబ్‌స్టేషన్లో జాయింట్ మీటర్ రీడింగ్ తీస్తారు. మన ఇంజనీరు ఒకరు, కంపెనీ మనిషి ఒకరు మీటరు ముందు నిలబడి అంకెలు రాసుకుంటారు. ఎన్ని యూనిట్లు గ్రిడ్‌లోకి వచ్చాయన్నది ఒక గడి. ఎన్ని యూనిట్లు వెనక్కి వెళ్లాయన్నది ఇంకో గడి. గాలి లేనప్పుడు మర తన ముఖం గాలికేసి తిప్పుకోవడానికీ, లోపలి మోటార్లకూ మన దగ్గరే కరెంటు తీసుకుంటుంది. ఇద్దరూ సంతకాలు పెట్టాక ఆ కాగితం బిల్లుగా మారుతుంది. రాష్ట్రాన్ని కోర్టుదాకా నడిపించిన వేల కోట్ల తగాదా అంతా ఈ చిన్న షీటు మీది గుణకారం.

ఆ షీట్లో లేని గడి గురించి కూడా చెప్పాలి. చెన్నేకొత్తపల్లి దగ్గర కల్పవల్లి అని ఉంది. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో ఊళ్లవాళ్లు 1990ల నుంచి బోడిమెట్టల్ని కాపాడి పచ్చిక పెంచుకున్నారు. గొర్రెలకు మేత, బుట్టలకు ఈతాకు, చెరువులకు నీళ్లు. రెవెన్యూ రికార్డులో మాత్రం అది ఎందుకూ పనికిరాని బంజరు. ఆ పక్కనే నల్లకొండ మీద 800 కిలోవాట్ల మరలు 63 లేచాయి. క్రేన్ల కోసం కొండ చరియల్ని కోసి వేసిన దారుల మట్టి వాగుల్లోకి దిగింది. వివాదం హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. పర్యావరణ అనుమతి తీసుకోవలసిన పరిశ్రమల జాబితాలో గాలిమరలు లేనే లేవు, కాబట్టి ముందే అడిగే తావు ఎవరికీ లేకపోయింది. పొగ రాదు గనుక హాని లేదన్నది జాబితా రాసినవాళ్ల ఊహ.

ఇక ఊళ్లకు దక్కే వాటా సంగతి. డెన్మార్క్‌లో 2008 చివర చేసిన చట్టం ఒకటి ఉంది. కొత్త మర పెట్టేవాడు అందులో కనీసం 20 శాతం వాటాను నాలుగున్నర కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లకు అమ్మకానికి పెట్టాలన్న నిబంధన 2020 దాకా అందులో ఉండేది. మన దగ్గర మరకు రెండు మూడు ఎకరాలు, దారికి ఇంకొంత, ఒక్కసారి డబ్బు చేతిలో పెట్టి రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు. అసైన్డ్ భూమి అయితే ఆ డబ్బు కూడా ఎవరి చేతికి పోతుందో గ్యారంటీ లేదు. ఆ తర్వాత పాతికేళ్లు ఆ ఊరివాడికి దక్కేది వాచ్‌మన్ ఉద్యోగం.

ఇప్పుడు మళ్లీ ఊపు కనబడుతోంది. 2024 అక్టోబరులో రాష్ట్రం కొత్త క్లీన్ ఎనర్జీ విధానం తెచ్చింది. పాణ్యం దగ్గర పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ, గాలి ఎక్కువైన వేళ నీళ్లు పైకెక్కించి తక్కువైన వేళ దించే ఏర్పాటు. 2025 మేలో గుత్తి మండలం బేతపల్లిలో సౌర, పవన, బ్యాటరీ మూడూ కలిపిన ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది.

వీటికన్నా నాకు ఆసక్తి రామగిరి మీద. అక్కడ మొదట పెట్టిన చిన్న మరలకు కాలం చెల్లింది. కానీ మంచి గాలున్న చోట్లు ముందుగా పట్టుకున్నవి అవే. రెండు మెగావాట్ల లోపు పాతవాటిని తీసేసి పెద్దవి పెట్టుకోవచ్చని 2023 డిసెంబరులో కేంద్రం విధానం ప్రకటించింది. పది పాత మరల పని ఈనాటి ఒక్క మర చేస్తుంది. అంటే తొమ్మిది మరల కింది నేల ఖాళీ అవుతుంది. ఆ నేల ఎవరిది కావాలి? కంపెనీ దాన్ని సోలార్ పలకలకు వాడుకుంటుందా, గొర్రెల కాపరికి తిరిగి వస్తుందా? కొత్త ఒప్పందం రాసేటప్పుడు ఊరికి వాటా అనే షరతు పెట్టడానికి మన నిబంధనల్లో అడ్డేమిటి? పాత ఒప్పందాలు స్వయంగా చదివినవాళ్లు ఈ సభలో ఉన్నారు కనుక, వాళ్ల జవాబు వినాలని నేను ఇంతటితో మైకు వదిలేస్తున్నాను.