జిరాక్స్ మెకానిక్కుల యురేకా

ఫొటోకాపీ యంత్రాలు బాగుచేసే మెకానిక్కులకు కంపెనీ మాన్యువల్ ఇస్తుంది. చిక్కల్లా అందులో లేని లోపాలతోనే. 1980లలో అమెరికాలో జిరాక్స్ కంపెనీ మెకానిక్కుల వెంట తిరిగిన మానవశాస్త్రవేత్త జూలియన్ ఓర్, వాళ్లు అసలు పని నేర్చుకునేది టిఫిన్ల దగ్గర, కాఫీల దగ్గర చెప్పుకునే కబుర్లలోనని గమనించారు. చూసేవాళ్లకు అది కాలక్షేపం. నిజానికి అది ఉద్యోగంలో భాగమే.

అయితే ఆ కబుర్లు ఊరు దాటవు. 1990లలో వచ్చిన యురేకా అనే వ్యవస్థ ఈ లోటు తీర్చింది. అది మొదట ఫ్రాన్స్‌లో, అక్కడ ఫోన్ లైన్ల మీద పనిచేసిన మినిటెల్ అనే సమాచార సేవ టెర్మినళ్ల మీద నడిచింది. మెకానిక్ తాను కనిపెట్టిన చిట్కా రాసి పంపితే, అనుభవమున్న తోటివారు పరీక్షించి, సరైనదైతే అతని పేరుతోనే అందరికీ అందించేవారు. డబ్బు కన్నా ఆ పేరే వాళ్లకు ముఖ్యమైంది. ఒకచోట తేలిన చిక్కును మరోచోట మళ్లీ మొదటినుంచి వెతికే పని తప్పింది.

సంస్థలు పైనుంచి కట్టే సమాచార నిధులు చాలావరకు వాడేవారు లేక మూలపడతాయి. యురేకాకూ వాటికీ తేడా కంప్యూటర్లలో లేదు. యురేకాలో చిట్కా రాసిందీ, పరీక్షించిందీ, వాడుకుందీ మెకానిక్కులే.