పాత కారు ఇంజనులో ఆయిల్ ప్రెషరు తగ్గితే
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద నన్నెప్పుడూ చదువు గురించే మాట్లాడమంటారు. ఈసారి కార్యదర్శిగారు మన సొసైటీ అంబాసిడరు బండి సంగతి చెప్పమన్నారు. రోగులను ఆసుపత్రికి చేర్చే ఆ బండిలో ఎర్ర లైటు వెలగడం, ఒక షెడ్డు మేస్త్రీ చూసి "ఇంజను విప్పాలి, క్రాంకు గ్రైండింగు చేయించాలి" అనడం మీకు తెలిసినదే. చందా డబ్బు అంటే అమానతు. అందుచేత విప్పే ముందు ఏమేమి చూడాలో కార్యవర్గం అడిగింది.

అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయినా, ఆ 1489 సీసీ పెట్రోలు ఇంజన్లు మన వీధుల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ద్రవాల పీడనం పాఠం బళ్లో ఉర్దూలో చెబుతాను గానీ, ఇక్కడ షెడ్డు మాటల్లోనే చెబుతాను.

అడుగు చాంబరులోని ఆయిలును పంపు జాలీ గుండా లాగి, ఫిల్టరు మీదుగా బేరింగులకు పంపుతుంది. పంపు ఇచ్చేది పారుదల మాత్రమే. ప్రెషరు పుట్టేది అడ్డు వలన. మొక్కలకు నీళ్లు పట్టే పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి చూడండి, నీరు ఎంత దూరం చిమ్ముతుందో! బేరింగుకూ క్రాంకుకూ మధ్య సందు అంగుళంలో వెయ్యోవంతులు ఒకటి రెండు మాత్రమే. అదే ఆ బొటనవేలు. బేరింగు అరిగి సందు పెరిగితే ప్రెషరు పడిపోతుంది. ఆయిలు పలచబడినా పడిపోతుంది. లైటు మాత్రం రెంటికీ ఒకే తీరుగా వెలుగుతుంది. అందుకే లైటును చూసి తీర్పు చెప్పరాదు.

లైటు వెలగ్గానే బండి పక్కకు తీసి ఇంజను ఆపెయ్యాలి. "ఇల్లు దగ్గరే కదా భాయి" అని పోనిస్తే, ఆ దగ్గర దూరమే బేరింగులను తినేస్తుంది.

మన బండిని చదునైన చోట నిలిపి, కొంచెం ఆగి డిప్‌స్టిక్ తీశాము. ఆయిలు తక్కువుంటుందనుకుంటే ఫుల్ గీత దాటి పైకి ఉంది! ఎవరూ పోయలేదు. మరి పెరిగిందెలా? వాసన చూస్తే పెట్రోలు. ఇంజను పక్కనుండే పెట్రోలు పంపులో డయాఫ్రమ్ చిరిగి, పెట్రోలు చాంబరులోకి కారుతోంది. ఊళ్లోనే చిన్న చిన్న ట్రిప్పులు తిరిగే బండి గనుక అది ఆవిరైపోయే వీలు కూడా లేదు. డయాఫ్రమ్ మార్చి, ఆయిలంతా దించి, 20డబ్ల్యు-50 ఆయిలు, కొత్త ఫిల్టరు వేశాము. తరువాత లైటు స్విచ్చి విప్పి ఆ స్థానంలో మెకానికల్ గేజి బిగించాము. ఇంజను బాగా వేడెక్కాక స్లోలో 18 పౌండ్లు, రేసు ఇస్తే 50 చూపింది. ఈ ఇంజనుకు అది చాలు. మాది పూర్తిగా వేరే ఖర్చయింది. క్రాంకు జోలికే పోలేదు.

అలాగని మేస్త్రీలందరినీ అనుమానించడం న్యాయం కాదు. ఒక సభ్యుని పద్మిని బండి చల్లగా ఉండగా బాగుండేది, వేడెక్కాక స్లోలో లైటు వెలిగేది. ఆయిలు సరిగ్గానే ఉంది. రేసు ఇస్తే కింద నుంచి టకటకమని చప్పుడు. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి చూస్తే మూడోదానికి చప్పుడు తగ్గింది. అంటే ఆ కనెక్టింగ్ రాడ్ బేరింగు పోయిందన్నమాట. అక్కడ విప్పక తప్పదు. విప్పాక క్రాంకును మైక్రోమీటరుతో కొలిపించండి. గీతలు పడినా, అరిగి గుండ్రం తప్పినా గ్రైండింగు, లేకపోతే బేరింగులు మారిస్తే సరి.

రేసు ఎంత ఇచ్చినా ప్రెషరు పైకి లేవకపోతే రిలీఫ్ వాల్వు చూడాలి. అంబాసిడరులో అది బ్లాకు ఎడమ వైపు వెనక, పెద్ద నట్టు కింద ఉంటుంది. చెత్త పడి తెరుచుకుని ఉండిపోతుంది. మలుపులో, బ్రేకు వేసినప్పుడు మాత్రమే లైటు వెలిగితే ముందు ఆయిలు మట్టం చూసుకోండి. డిప్‌స్టిక్ మీద పాలమీగడ వంటిది కనిపిస్తే నీళ్లు కలిశాయి, హెడ్ గాస్కెట్ చూడాలి. కొందరు రిలీఫ్ స్ప్రింగు కింద వాషర్లు పెట్టి, లేదా చిక్కటి ఆయిలు పోసి బండి అమ్మేస్తారు. పాత బండి కొనేవారు ఇంజను వేడి మీద గేజి పెట్టించిన తరువాతే బేరమాడండి.

గేజి ఇప్పుడు సొసైటీ ఆఫీసు బీరువాలో ఉన్నది. రిజిస్టరులో సంతకం చేసి ఎవరైనా తీసుకుపోవచ్చును. స్విచ్చి విప్పేటప్పుడు ఇంజను ఆపి ఉండాలి, చేతికి మందపాటి గుడ్డ చుట్టుకోండి, వేడి ఆయిలు కారుతుంది.